దివిసీమ ఏ గడిలో ఉంది?

భారతదేశ పటం మీద అయిదు వందల కిలోమీటర్లకు ఒకటి చొప్పున నిలువు గీతలూ అడ్డగీతలూ గీశామనుకోండి. చదరంగం బల్లలా గళ్ళు పడతాయి. ఒక్కో గడి వైశాల్యం రెండున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కలిపితే సుమారు 2,75,000. అంటే తెలుగునేల మొత్తం దాదాపు ఒక్క గడిలో పట్టేస్తుంది. ఇప్పుడు ఆ గడికి ఒకే ఎత్తు, ఒకే ఉష్ణోగ్రత, ఒకే వర్షపాతం వేయాలి. ఆదిలాబాద్ అడవికీ, అనంతపురం మెట్టకీ, కోనసీమ కొబ్బరి తోటకీ కలిపి ఒకే అంకె.

సరదాకి చెబుతున్న లెక్క కాదిది. 1980లలో భూగోళం మొత్తానికీ శీతోష్ణస్థితిని లెక్కగట్టిన కంప్యూటరు నమూనాలు ప్రపంచాన్ని ఇంచుమించు ఇలాంటి గళ్ళలోంచే చూశాయి. (రేపు వాన పడుతుందా అన్నది వాతావరణం. ముప్పై ఏళ్ళ వానలన్నీ కలిపి చూస్తే తెలిసే స్వభావం శీతోష్ణస్థితి. వాడుకలో రెంటినీ వాతావరణమనే అంటాం కనుక ముందే చెప్పుకోవడం మంచిది.) ఆ నమూనాల్లో రాయలసీమ లేదు, కృష్ణా డెల్టా లేదు, దివిసీమ అసలే లేదు. ఏ పక్క నుంచి కొలిచినా యాభై కిలోమీటర్లు దాటని ముక్క అది. 1977 నవంబరు 19న అక్కడ సుమారు అయిదు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. ఆ ప్రాంతపు ఇళ్ళలో ఇప్పటికీ పెద్దవాళ్ళు పెళ్ళిళ్ళూ పురుళ్ళూ "ఉప్పెనకు ముందు", "ఉప్పెన తర్వాత" అని లెక్క చెబుతారు. అంత పెద్ద సంఘటనకు ఆనాటి నమూనాల్లో చోటే లేదు.

ఆ గడి ఎలా చిన్నదవుతూ వచ్చింది, ఎవరి కోసం చిన్నదయింది అన్నదే ఈ వ్యాసం.

వాతావరణాన్ని గళ్ళుగా కోసి లెక్క చేయవచ్చన్న ఆలోచనను చేతల్లో పెట్టి చూసినవాడు లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషాయన. క్వేకరు శాఖకు చెందిన క్రైస్తవుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టనన్నాడు గానీ, ఫ్రాన్స్ వెళ్ళి గాయపడినవాళ్ళను మోసే అంబులెన్సు దళంలో పనిచేశాడు. తీరిక దొరికినప్పుడల్లా కాగితం మీద ఒక లెక్క చేశాడు. 1910 మే 20వ తేదీ ఉదయం ఐరోపాలో గాలి, పీడనం ఎలా ఉన్నాయో కొలతలు ఉన్నాయి. వాటి నుంచి ఆరు గంటల తర్వాత పీడనం ఎంత ఉంటుందో భౌతికశాస్త్ర సమీకరణాలతో రాబట్టాలి. ఒక్కో గడి వెడల్పు సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఆరు గంటల జోస్యానికి ఆరు వారాలు పట్టింది. జవాబు: పీడనం 145 మిల్లీబార్లు మారుతుంది! నిజానికి ఆ రోజు పీడనంలో చెప్పుకోదగ్గ మార్పే లేదు. మహా తుపానులోనైనా ఆరు గంటల్లో అంత మార్పు ఎవరూ చూసి ఉండరు.

1917లో ఆ రాతప్రతి యుద్ధం గందరగోళంలో పోయింది. కొన్ని నెలల తర్వాత బెల్జియంలో బొగ్గుల కుప్ప కింద దొరికింది. మరొకరైతే దాన్ని అక్కడే వదిలేసేవారేమో. రిచర్డ్‌సన్ 1922లో, ఆ తప్పు జవాబుతో సహా, పుస్తకంగా అచ్చేశాడు. పద్ధతి సరైనదేనని ఆయన నమ్మకం. మొదలుపెట్టిన కొలతల్లో గాలికీ పీడనానికీ పొంతన కుదరకపోవడమే ఆ వింత జవాబుకు కారణమనీ, వాటిని ముందుగా సరిచేస్తే లెక్క చక్కగా వస్తుందనీ చాలా దశాబ్దాల తర్వాత పీటర్ లించ్ అనే ఐరిష్ శాస్త్రవేత్త చేసి చూపించాడు. అదే పుస్తకంలో రిచర్డ్‌సన్ ఒక కల కూడా కన్నాడు. గోళాకారపు పెద్ద మందిరం, అందులో 64,000 మంది మనుషులు, ఒక్కొక్కరూ తమ గడి లెక్క చేసి పక్కవాడికి అందిస్తుంటారు. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, లెక్కలు చేసే గుమస్తా.

యంత్రం 1950లో వచ్చింది. అమెరికాలో జూల్ చార్నీ, జాన్ ఫాన్ నాయ్‌మన్ బృందం ఎనియాక్ మీద మొదటి కంప్యూటరు వాతావరణ సూచన చేసింది. గడి వెడల్పు 736 కిలోమీటర్లు. రేపటి వాతావరణం లెక్కగట్టడానికి ఇరవై నాలుగు గంటలు పట్టింది. లెక్క పూర్తయ్యేసరికి రేపు వచ్చేసేదన్నమాట! అయినా అంకెలు నమ్మదగ్గవిగా వచ్చాయి. చార్నీ ఆ ఫలితాలను రిచర్డ్‌సన్‌కి పంపాడు. ముసలాయన చూసి సంతోషించాడు. మరో మూడేళ్ళకు పోయాడు.

రిచర్డ్‌సన్ కంటే యంత్రం గడి పెద్దదేమిటని అనుమానం రావచ్చు. దాని వెనక ఒక మొండి లెక్క ఉంది. గడి భుజాన్ని సగం చేస్తే గళ్ళు నాలుగింతలవుతాయి. గడి చిన్నదైతే గాలి దాన్ని త్వరగా దాటుతుంది కనుక కాలాన్ని కూడా సగం అంగల్లో లెక్కించాలి. మొత్తం పని ఎనిమిదింతలు. నిలువు పొరలు కూడా పెంచితే ఇంకా ఎక్కువ. రేపటి కోసమైతే ఫరవాలేదు. శీతోష్ణస్థితి కోసం వంద ఏళ్ళు లెక్కించాలి. అందుకే 1960లలో స్యుకురో మనాబే మొదలుకొని భూగోళ నమూనాలు తయారుచేసినవాళ్ళందరూ పెద్ద గళ్ళతోనే సరిపెట్టుకున్నారు. ప్రశ్న కూడా పెద్దదే: గాలిలో బొగ్గుపులుసు వాయువు రెట్టింపైతే భూమి మొత్తం మీద ఎంత వేడెక్కుతుంది? ఆ ప్రశ్నకు ఆ గళ్ళు చాలు. మనాబే లెక్కలు నిలబడ్డాయి, 2021లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కానీ "మా ఊరికి ఏమవుతుంది?" అని అడిగినవాడికి ఆ నమూనాలో జవాబు లేదు.

అలా అడిగిన మొదటి "ఊరు" ఏదో చూస్తే నవ్వూ వస్తుంది, ఆలోచనా వస్తుంది. ఆ ఊళ్ళో మనుషులు లేరు. నెవాడా ఎడారిలో యుకా కొండ అది. అమెరికా తన అణువిద్యుత్ కేంద్రాల వ్యర్థాలను వేల ఏళ్ళ పాటు పాతిపెట్టడానికి అప్పట్లో ఆ కొండను పరిశీలించింది. వేల ఏళ్ళలో అక్కడ వానలు పెరిగితే? నీరు ఇంకి పాతరలోకి దిగితే? పశ్చిమ అమెరికా నిండా కొండలూ లోయలే. అయిదు వందల కిలోమీటర్ల గడిలో అవన్నీ కలిసిపోయి ఒక బోడి గుట్ట అవుతాయి. కొలరాడోలోని బౌల్డర్ నగరంలో, జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రంలో, రాబర్ట్ డికిన్‌సన్, ఫిలిప్పో జార్జి అనే ఇద్దరు ఒక ఉపాయం పట్టారు. ప్రపంచమంతటికీ చిన్న గళ్ళు పెట్టే స్తోమత లేదు. కనుక కావలసిన ప్రాంతానికి మాత్రమే అరవై కిలోమీటర్ల గళ్ళు పెడదాం, దాని సరిహద్దుల దగ్గర గాలి, తేమ, వేడి ఎంత లోపలికి వస్తున్నాయో పెద్ద నమూనా నుంచి తీసుకుందాం అన్నారు. 1989లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ప్రాంతీయ శీతోష్ణస్థితి నమూనా అనే శాస్త్రం అక్కడ మొదలైంది.

డెల్టాలో పుట్టినవాళ్ళకు ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. పెద్ద కాలువ నుంచి పిల్లకాలువ, పిల్లకాలువ నుంచి బోదె, బోదె నుంచి మడి. మడి ఎంత చక్కగా చదును చేసుకున్నా కాలువలో నీరు రాకపోతే లాభం లేదు. కాలువలో ఉప్పునీరు వస్తే మడిలోనూ ఉప్పే. ప్రాంతీయ నమూనా పరిస్థితి కూడా అంతే. పెద్ద నమూనా రుతుపవనాన్ని తప్పుగా పంపితే చిన్న నమూనా ఆ తప్పునే ఇంకా నునుపైన బొమ్మగా గీసి చూపిస్తుంది. అందుకే జాగ్రత్తగా పనిచేసేవాళ్ళు ఒక కాలువను నమ్ముకోరు. నాలుగైదు భూగోళ నమూనాల నుంచి నీరు పారించి, జవాబులు ఎక్కడ కలుస్తున్నాయో చూస్తారు.

జార్జి 1998లో ఇటలీలోని ట్రియెస్తె నగరానికి వెళ్ళాడు. అక్కడ అబ్దుస్ సలాం 1964లో స్థాపించిన అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రం ఉంది. బీద దేశాల శాస్త్రవేత్తలు వచ్చి పని నేర్చుకుని తిరిగి వెళ్ళడానికి సలాం కట్టిన చోటు. ఎడారి పాతర కోసం పుట్టిన నమూనా అక్కడ ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా విద్యార్థుల చేతికి వచ్చింది. నేనుండే బ్రిటన్‌లో వాతావరణ శాఖవారి హాడ్లీ కేంద్రం ప్రెసిస్ అనే నమూనాను మామూలు బల్ల మీది కంప్యూటరులో నడిచేలా తయారుచేసి, వర్ధమాన దేశాలకు ఉచితంగా ఇచ్చి, శిక్షణ కూడా ఇచ్చింది.

ఆ ప్రెసిస్‌తోనే పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థలో కొల్లి రూపకుమార్, ఆయన సహచరులు భారతదేశానికి యాభై కిలోమీటర్ల గళ్ళ లెక్క చేసి 2006లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రచురించారు. అందులో నాకు అన్నిటికంటే నచ్చే విషయం భవిష్యత్తు గురించి కాదు, పడమటి కనుమల గురించి. మంగళూరులో ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అక్కడికి 350 కిలోమీటర్ల దూరంలో ఉన్న అనంతపురంలో 550 దగ్గర. మధ్యలో ఉన్నది కొండల వరుస. అరేబియా సముద్రపు గాలి ఆ కొండలెక్కి నీరంతా అక్కడే దించేసి, ఖాళీ కుండలా ఇటు దిగుతుంది. రాయలసీమ కరువుకు సగం కథ అదే. పెద్ద గళ్ళ నమూనాలో ఆ కొండలు చదునైపోతాయి కనుక అనంతపురం మీద కూడా కాగితం మీద మంచి వానలే కురుస్తాయి. యాభై కిలోమీటర్ల గళ్ళలో కనుమలు లేచి నిలబడ్డాయి, పడమటి వాలున వాన పడింది, వెనకాల వర్షచ్ఛాయ కనిపించింది. లెక్కలో రాయలసీమ అనే ప్రాంతం ఏర్పడింది.

భవిష్యత్తు మాటకొస్తే, ఉద్గారాలు బాగా పెరిగే పక్షంలో ఈ శతాబ్దం చివరికి దేశంలో సగటున 3 నుంచి 5 డిగ్రీల దాకా వేడి పెరగవచ్చని ఆ వ్యాసం చెప్పింది.

అయితే సగటు అనే మాట దగ్గర కాస్త ఆగాలి. గడిలో సగటు దాచేసినట్టే కాలంలో సగటు కూడా దాచేస్తుంది. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన సమీక్ష ప్రకారం 1951 నుంచి 2015 లోపు దేశంలో నైరుతి వర్షపాతం సుమారు ఆరు శాతం తగ్గింది. అదే కాలంలో మధ్య భారతంలో విస్తారంగా కురిసే కుంభవృష్టి సంఘటనలు దాదాపు మూడింతలయ్యాయని రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో చూపించింది. మొత్తం తగ్గింది, ముంపు పెరిగింది. రైతుకు రెండు వైపులా దెబ్బ. సగటు ఒక్కటే చూసినవాడికి "ఆరు శాతమేగా" అనిపిస్తుంది. మడి గట్టు మీద నిలబడినవాడికి మూడు వారాలు ఎండ, ఒక్క రాత్రి వరద.

ఈ శాస్త్రం ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో బ్రిటన్‌లో ఉంటే బాగా కనిపిస్తుంది. 2019లో ఇక్కడి వాతావరణ శాఖ దేశమంతటికీ 2.2 కిలోమీటర్ల గళ్ళతో భవిష్యత్ అంచనాలు విడుదల చేసింది. ఆ మాత్రం చిన్న గడి ఉంటే తప్ప ఒక్కో ఉరుముల మేఘాన్ని విడిగా లెక్కించడం కుదరదు. మరుసటి ఏడు ఆ శాఖవారే "2050 జులైలో వాతావరణ వార్తలు ఇలా ఉండవచ్చు" అని నలభై డిగ్రీలతో ఒక ఊహాపటం గీసి చూపించారు. 2022 జులైలో అచ్చంగా అలాంటి పటమే నిజమైన సూచనగా తెర మీదికి వచ్చింది. 19వ తేదీన లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. నలభై అంటే మనవాళ్ళు నవ్వుతారు, రెంటచింతలలో అది మామూలు రోజు. కానీ ఇక్కడి ఇళ్ళు వేడిని లోపల పట్టి ఉంచడానికి కట్టినవి, చాలా ఇళ్ళలో పంకా కూడా ఉండదు. ఆ వేసవి వడగాడ్పుల రోజుల్లో ఒక్క ఇంగ్లండ్‌లోనే 65 ఏళ్ళు దాటినవాళ్ళలో దాదాపు 2,800 అదనపు మరణాలు లెక్కతేలాయి. గడి 2.2 కిలోమీటర్లకు దిగింది. సూచన ముందే వచ్చింది. ఆ ముసలివాళ్ళు మాత్రం తమ గదుల్లోనే పోయారు.

ఇందులో రెండు సంగతులున్నాయి, రెంటినీ విడదీసి చూడాలి.

మొదటిది న్యాయానికి సంబంధించింది. ప్రాంతీయ నమూనాలను ప్రపంచమంతటా ఒక పద్ధతిలో నడిపే కార్డెక్స్ అనే ఉమ్మడి పథకం 2009లో మొదలైంది. అందులో ఐరోపాకు పన్నెండు కిలోమీటర్ల గళ్ళు. దక్షిణాసియాకు చాలాకాలం యాభై, ఇటీవల ఇరవై అయిదు. యాభై కిలోమీటర్ల గడిలో దివిసీమ సగం సముద్రంతో కలిసి ఒక ముక్క. అదే 2.2 కిలోమీటర్లయితే వందకు పైగా గళ్ళు. గాలిలోకి ఎక్కువ పొగ వదిలిన దేశాలకు తమ భవిష్యత్తు స్పష్టంగా కనబడుతోంది, తక్కువ వదిలినవాళ్ళకు మసకగా కనబడుతోంది. పరిస్థితి మెల్లగా మారుతోంది. 2025 మేలో భారత్ ఆరు కిలోమీటర్ల గళ్ళతో సొంత సూచనా వ్యవస్థను మొదలుపెట్టింది. అయితే అది రాబోయే రోజుల వాతావరణం కోసం, రాబోయే దశాబ్దాల కోసం కాదు.

రెండోది, చిన్న గడి దానంతట అది ఎవరినీ కాపాడదు. దీనికి మన తీరమే సాక్షి. 1864లో అక్టోబరులో కలకత్తానూ, నవంబరు 1న బందరునూ తుపానులు ముంచాయి. బందరు ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది పోయారు. ఆ తుపానులు, ఆ తర్వాతి కరువులు చూశాకే 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. నూట రెండేళ్ళ తర్వాత, శాఖ ఉంది, ఉపగ్రహ చిత్రాలు వస్తున్నాయి, అయినా 1977 జరిగింది. ఆ తర్వాత తీరం పొడవునా తుపాను షెల్టర్లు కట్టారు. 1990 మేలో ఇంచుమించు అంతటి తుపానే మళ్ళీ కృష్ణా తీరాన్ని తాకింది. ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపు. అదీ తక్కువేమీ కాదు, కానీ పదివేలకూ వెయ్యికీ ఉన్న తేడా ఆ పదమూడేళ్ళలో నమూనాల గళ్ళు చిన్నవి కావడం వల్ల వచ్చింది కాదు. మిద్దె, లారీ, మైకు, ఇల్లు వదలనని మొండికేసిన ముసలమ్మను ఒప్పించిన మనిషి. వీటివల్ల వచ్చింది.

ఎండ విషయంలో ఆ మెలకువ ఆలస్యంగా వచ్చింది. తుపాను కళ్ళకు కనిపిస్తుంది, వడగాడ్పు కనిపించదు. 2010 మేలో అహ్మదాబాద్‌లో ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు చేరింది. ఆ ఒక్క నెలలో 1,344 అదనపు మరణాలు జరిగాయని తర్వాతి పరిశోధన తేల్చింది. ఆ నగరం 2013లో దక్షిణాసియాలోనే మొదటి వడగాడ్పు ప్రణాళిక రాసుకుంది. 2015లో మన రెండు రాష్ట్రాల్లో రెండు వేలకు పైగా జనం వడదెబ్బకు పోయారు. ఎక్కువమంది కూలిపని చేసుకునేవాళ్ళూ వృద్ధులూ. ఉష్ణోగ్రత అంకె వాళ్ళ కథలో కొంతే చెబుతుంది. తీరంలో 37 డిగ్రీలు దాటితేనే వడగాడ్పు పరిశీలనకు వస్తుంది, మైదానంలో 40 దాటాలి. తీరంలో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. మనవాళ్ళు "ఉక్క" అనే ఒక్క మాటలో చెప్పే సంగతి ఇది. ఆ ఉక్క లెక్కలోకి రావాలంటే సముద్రం ఎక్కడ ఆగుతుందో, నేల ఎక్కడ మొదలవుతుందో తెలిసిన గడి కావాలి.

నమూనా ఎంత చిన్న గడి పెట్టుకున్నా, అది సరిగా ఉందో లేదో తెలిసేది గతాన్ని తిరిగి లెక్కించి, జరిగినదానితో సరిచూసినప్పుడే. అంటే చిన్న గళ్ళకు చిన్న ఊళ్ళ కొలతలు కావాలి. 2020 వసంతంలో, కరోనా వల్ల జనం ఇళ్ళలో కూర్చున్నప్పుడు, రెడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్ హాకిన్స్ ఒక పిలుపునిచ్చాడు. బ్రిటన్ పాత వర్షపాతం చీటీలు 65,000 ఉన్నాయి, చేతిరాతలో ఉన్నాయి, ఎక్కించడానికి సాయం చేయండి అని. వేలమంది ముందుకొచ్చి దాదాపు పదహారు రోజుల్లో యాభై లక్షలకు పైగా కొలతలు ఎక్కించేశారు. చదువూ ఓపికా తప్ప వాళ్ళకు వేరే అర్హత అక్కర్లేకపోయింది.

ఇది చదువుతున్నవాళ్ళలో పూర్వపు కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల తీరం నుంచి వచ్చినవారు ఉంటారు. 1977లో మీ ఊళ్ళో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి? గుడి మెట్టు దాకానా, బడి కిటికీ దాకానా, తాటిచెట్టు సగానికా? ఏ వేళకు వచ్చాయి, ఎప్పుడు తీశాయి? చూసినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు, కానీ వాళ్ళకు వయసు మీదపడుతోంది. ఈసారి ఇంటికి ఫోను చేసినప్పుడు అడగండి. ఊరి పేరు, చోటు, ఎత్తు, వేళ రాసి పెట్టండి. రేపు ఎవరో రెండు కిలోమీటర్ల గడిలో దివిసీమను పెట్టి ఆ రాత్రిని మళ్ళీ లెక్కిస్తారు. వాళ్ళ జవాబు తప్పో ఒప్పో చెప్పగలిగేది ఆ కాగితమే.